ప్లాజా పోయిన ఏడాది

ఫిబ్రవరి 6

పొద్దున్నే కుట్టు దుకాణం తెరవడానికి వచ్చేసరికి పార్కింగ్ మధ్యలో తెల్లబోర్డు పాతి ఉంది. నా కంటే ఎత్తు. ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి రాశారు. ఈ ప్లాజా మొత్తం పడగొట్టి అయిదంతస్తుల్లో రెండు వందల పన్నెండు ఫ్లాట్లు కడతారట. అడుగున చిన్న అక్షరాలతో, ఊరి ప్రజలకు ఇందుమూలంగా తెలియజేస్తున్నాం అని ఉంది. ఊరికి సరే. లోపల పదకొండు దుకాణాల వాళ్లం ఉన్నాం, మాలో ఒక్కరికీ ముందు చెప్పలేదు.

యజమాని కొడుక్కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ముసలాయన ఉన్నన్నాళ్లూ క్రిస్మస్‌కి ప్రతి దుకాణానికీ వచ్చి కూర్చుని వెళ్లేవాడు. ఆయన పోయి ఏడాది తిరగలేదు.

పక్క సెలూన్ కాన్సువేలో, మాకందరికీ చేలో, తన తాళం కూడా తీయకుండా నా దగ్గరికి వచ్చింది, రెండు చేతుల్లో రెండు కాఫీలు. బోర్డు వైపు గడ్డం ఎత్తి చూపించి, "ఎవరో పాపం స్థలం చూసుకోకుండా పాతిపోయారు వదినా" అంది. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. తర్వాత ఇద్దరం కాఫీ తాగాం. వెళ్లేముందు, తనను ఇక్కడి నుంచి పంపాలంటే కుర్చీతో సహా ఎత్తుకెళ్లాల్సిందే అంది.

ఆ మాటతో నా గుండె దిటవు పడింది. పంతొమ్మిదేళ్లుగా ఆమె దుకాణానికీ నా దుకాణానికీ మధ్య ఒకే గోడ. అంతకుముందు పదేళ్లు బట్టల ఫ్యాక్టరీలో ఆమె మిషను పక్కన నా మిషను. ఆమె కూతురు యెసెనియాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది నేనే.

మనసులోది ఎక్కడో ఒకచోట పెట్టాలి. మా ఆయన రామిరో ఉంటే ఆయనకు చెప్పుకునేదాన్ని. ఆయన పోయి ఏడేళ్లు. అందుకని ఈ పుస్తకం.

ఫిబ్రవరి 9

లైబ్రరీలో మీటింగ్. నడిపించింది టిల్బరీ అనే ఆయన, రిటైరైన స్కూలు మాస్టారు. ప్లాజా వెనక వీధిలోనే సొంత ఇల్లు. ఇన్నేళ్లలో నా దుకాణంలో అడుగు పెట్టగా చూడలేదు. అయినా ఇవాళ నా చెయ్యి పట్టుకుని, మీలాంటి చిన్న వ్యాపారులే ఈ ఊరి ఆత్మ అన్నాడు.

ఆయన చెప్పిందేమిటంటే, ఈ స్థలం వ్యాపారానికే అని ఊరు ఎప్పుడో కేటాయించింది. ఇప్పుడు రాష్ట్రం కొత్త చట్టం తెచ్చి, పెద్దరోడ్ల పక్కన దుకాణాలున్న స్థలాల్లో ఎవరైనా ఇళ్లు కట్టుకోవచ్చు, ఊరి మునిసిపాలిటీ వద్దన్నా సరే అంటోంది. ఊళ్లో అందరూ కలిసి గట్టిగా వద్దంటే వెనక్కి తగ్గుతారు అన్నాడు. అపార్ట్‌మెంట్లు వస్తే ఎలాంటి మనుషులు వస్తారో మనకు తెలుసు కదా అని కూడా అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

వచ్చేటప్పుడు తన కారులో చేలో, "ఎలాంటి మనుషులు వస్తారట వదినా? మనలాంటి వాళ్లా?" అంది.

ఆయన ఉద్దేశం అది కాదులే అన్నాను.

ఫిబ్రవరి 23

ఇళ్లు కట్టొద్దన్న అర్జీ మీద నాలుగు వందల పన్నెండు సంతకాలు. సగం చేలో పట్టినవే. తలకు రంగు పూసి కూర్చోబెట్టాక ఆడవాళ్లు ఎక్కడికి పోతారు, కాగితం ఒళ్లో పెట్టి పెన్ను చేతికిస్తోంది. రంగు కడగాలంటే సంతకం పెట్టాల్సిందే అందట ఒకావిడతో. ఆవిడ ఇంటాయన చేత కూడా పెట్టించుకొచ్చింది.

మార్చి 3

చర్చిలో పూజ అయ్యాక యెసెనియా వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. ఇల్లంటే ఇల్లు కాదు. ఓల్మో వీధిలో ఒక ముసలాయన ఇంటి వెనక కారు పెట్టుకునే షెడ్డు. యెసెనియా, ఆమె భర్త తోమస్, ఇద్దరు ఆడపిల్లలు. ఇత్జెల్‌కు ఎనిమిది, అబ్రిల్‌కు నాలుగు. కిటికీ లేదు. మధ్యలో నేను కుట్టిచ్చిన మందపాటి తెర. తెర వెనక పిల్లల పరుపు, దాని పక్కన గ్యాస్ హీటరు. హీటరు వాసన నాకు గొంతులో పట్టుకుంది. పిల్లలకు అలవాటైపోయినట్టుంది.

మొక్కజొన్న పిండిలో జున్ను కూరి పుపూసలు బాగా చేసింది. తోమస్ రెండు పూటలా పైకప్పుల పనికి వెళ్తున్నాడు, తింటూనే కునికిపాట్లు పడ్డాడు. యెసెనియా వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. టిల్బరీ వాళ్ల అక్కకు స్నానం చేయించేది తనేనట. ఆ మాట విని నవ్వుకున్నాం.

సంతకాల సంగతి వచ్చింది. యెసెనియా మెల్లిగా, "అక్కడ ఇళ్లొస్తే మంచిదే కదత్తయ్యా" అంది. చేలో వెంటనే, "నోర్మూసుకుని అన్నం పెట్టు" అని కసిరింది. చేలో కూతుర్ని అలా కసరడం నేను చూడలేదు.

వచ్చేటప్పుడు యెసెనియా నా ఇంటి వెనక గది గురించి అడిగింది. నేరుగా కాదు. ఇంకా బట్టలే ఉన్నాయా అందులో అంది. అవును, మూటలు కొండంత ఉన్నాయన్నాను. నిజమే. రామిరో పోయినప్పటి నుంచీ ఆ గది తలుపు తీయాలంటే నాకు చెయ్యి రాదు. అది ఆ పిల్లకు తెలుసు.

మార్చి 12

చేలో ఇవాళ సంతకాలు పట్టలేదు. మణికట్టు నొప్పట.

మార్చి 14

ఇవాళా పట్టలేదు.

మార్చి 28

ఆ ఫ్లాట్లు కట్టే కంపెనీ తరఫున తిరిగే కెస్లర్ అనే అమ్మాయి చేలో సెలూన్ నుంచి బయటికి వస్తూ కనిపించింది. జుట్టు తడిగా ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది, నేను ఊపలేదు. చేలోను అడిగితే, "తల కడగమని వస్తే తలుపేసుకోమంటావా? శత్రువు జుట్టైనా జుట్టే కదా వదినా" అంది.

ఆ మాట సబబుగానే ఉంది.

ఏప్రిల్ 15

చేలో నీలం గౌను తెచ్చింది. మేనకోడలి పెళ్లికట. నడుము దగ్గర వదులు, అడుగున రెండంగుళాలు ఎక్కువ. స్టూలు మీద నిలబెట్టి చుట్టూ చాక్ గీత గీశాను. మోకాళ్ల మీద ఉన్న నేను తలెత్తి చూస్తే గోడ వైపు చూస్తోంది. పెళ్లెక్కడ అంటే, ఇంకా అనుకోలేదంది. అంచు మిషను మీద వేయకుండా చేత్తోనే వేశాను, బయటికి కుట్టు కనబడకుండా. డబ్బు ఇవ్వబోయింది, తీసుకోలేదు. అప్పుడు గట్టిగా కౌగిలించుకుంది. గౌను మడిచి ఇస్తే అందుకోబోయి జారవిడిచింది. మణికట్టు నొప్పి ఇంకా తగ్గలేదనుకున్నాను.

మే 14

ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు.

సాయంత్రం ఆరింటికి మునిసిపాలిటీ హాల్లో విచారణ. హాలు నిండిపోయింది. టిల్బరీ వాళ్లందరూ ఆకుపచ్చ చొక్కాలు వేసుకొచ్చారు. ముందు వరసలో నా పక్క కుర్చీ మీద చేతిసంచి పెట్టి చేలో కోసం అట్టేపెట్టాను. ఇద్దరు అడిగారు, మనిషి వస్తోందని చెప్పాను.

ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. టిల్బరీ ట్రాఫిక్ గురించి, అయిదంతస్తుల నీడ తన పెరట్లో నిమ్మచెట్ల మీద పడటం గురించి మాట్లాడాడు. తర్వాత నన్ను పిలిచారు. కాగితం రాసుకెళ్లాను కానీ చూడలేదు. ఈ హాల్లో సగం మంది ప్యాంట్లు నేను కురచ చేసినవే, మీ కూతుళ్ల పెళ్లి గౌన్లు నా చేతుల మీదుగా వెళ్లాయి, నా వయసులో కొత్త వీధికి వెళ్తే నా తలుపెవరు తడతారు అని అడిగాను. చప్పట్లు కొట్టారు. వచ్చి కూర్చున్నాను. చేలో ఇంకా రాలేదేమా అనుకుంటూ తలుపు వైపు చూస్తున్నాను.

మైకులో చేలో పేరు పిలిచారు.

ఆమె వెనక వరసలోంచి లేచింది. కెస్లర్ పక్క నుంచి. నీలం గౌనులో. నా పక్క నుంచే నడిచి వెళ్లింది, నా వైపు చూడలేదు.

"నా పేరు కాన్సువేలో. ప్లాజాలో పంతొమ్మిదేళ్లుగా సెలూన్ నడుపుతున్నా. మీరు ఇళ్లు కడితే నా దుకాణం పోద్ది. నాకు తెలుసు. పోనీండి. నా కూతురు, ఇద్దరు మనవరాళ్లు ఈ ఊళ్లో కారు పెట్టుకునే చోట పడుకుంటున్నారు. మీ పెద్దవాళ్లకి స్నానం చేయించి, అన్నం తినిపించి, బట్టలు మార్చేది నా కూతురే. మీ పెద్దవాళ్ల గదుల్లోకి రానిస్తారు గదా. మీ ఊళ్లోకి రానివ్వండి."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆకుపచ్చ చొక్కాల వాళ్లలో ఎవరో ఛీ అన్నారు. టిల్బరీ నా భుజం మీదుగా వంగి, ఆమె మన మనిషేనన్నారు కదా అన్నాడు. నన్నే తప్పు పట్టినట్టు.

ఆమె నడుస్తుంటే గౌను అంచు సరిగ్గా పడింది. నేను చూసింది అదే. అంచు ఎంత తిన్నగా పడిందో.

చివర్లో మునిసిపాలిటీ లాయరు లేచాడు. ఇది అభిప్రాయాలు వినడానికి పెట్టిన సమావేశమే, దరఖాస్తు చట్టం చెప్పిన కొలతలకు సరిపోతే ఆమోదించడం తప్ప ఊరికి వేరే దారి లేదు, ఓటింగ్ ఉండదు అన్నాడు. హాలంతా గోల. నాకేమీ వినపడలేదు. పక్క కుర్చీలో సంచి అలాగే ఉంది.

మే 15

దుకాణం తీయలేదు.

మే 16

తీశాను. పది నిమిషాల్లో ఆమె వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"నీకు ముందే చెబుదామనుకున్నా వదినా."

"ఎప్పుడు? నీ కాళ్ల దగ్గర కూర్చుని గీత గీస్తున్నప్పుడా?"

చెబితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను అక్కడికి వెళ్లలేను అంది. ఎంత ఇస్తామన్నారు అని అడిగాను. డబ్బు కాదంది. ఆ ఫ్లాట్లలో ముప్ఫై తక్కువ ఆదాయం వాళ్లకు ఇస్తారట. దుకాణదారుల్లో ఒకరు వచ్చి అనుకూలంగా మాట్లాడితే యెసెనియా పేరు లిస్టులో మొదట రాయిస్తానని కెస్లర్ మాటిచ్చిందట.

కాగితం మీద రాసిచ్చిందా అన్నాను. లేదంది. మొహం చూస్తే మంచి పిల్లలాగే ఉందంది.

నన్ను నమ్మలేదు, ఆ పిల్లను నమ్మింది. ఆ మాటే అన్నాను.

"నీకు ఇల్లుంది వదినా" అంది చేలో. "దుకాణం పోతే నువ్వు ఏడుస్తావు, నాకు తెలుసు. నేనూ ఏడుస్తా. కానీ నువ్వు ఇంటికెళ్లి ఏడవొచ్చు."

బయటికి నడవమన్నాను. వెళ్లింది. గోడ అవతల డ్రయ్యర్ రోజంతా మోగుతూనే ఉంది. ఆ చప్పుడు ఇన్నేళ్లు ఎలా భరించానో.

మే 18

ముప్ఫై ఏళ్ల స్నేహం. మోసం చేసింది. ఇంకో మాట లేదు దానికి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ తన మీద చెయ్యి వేసినప్పుడు కత్తెర పట్టుకుని లేచింది నేను. యెసెనియా పుట్టినప్పుడు తండ్రి లేడు, ఆస్పత్రిలో ఉన్నది నేను. ఆ అర్జీ మీద ఆమె సంతకం నా సంతకం కిందే ఉంది ఇప్పటికీ. మోసం చేసింది.

మే 20

ఒక ఫోన్ చేశాను. పేరడిగారు. చెప్పలేదు.

మే 21

ఆ హీటరు పిల్లల పరుపుకు జానెడు దూరంలో ఉంది. కిటికీ లేదు. రేపు ఏదైనా జరిగితే ఎవరు చూస్తారు? చూసి ఊరుకున్నదానిదే తప్పవుతుంది. పైగా గ్యారేజీలో ఉంటున్నారని ఊరందరి ముందూ మైకులో చెప్పింది తనే. నేను కొత్తగా చెప్పింది ఏముంది, వీధి పేరు తప్ప.

పిల్లల కోసమే చేశాను.

మే 22

పిల్లల కోసమే.

మే 30

ఓల్మో వీధి షెడ్డుకు మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడట. ఎర్ర కాగితం అతికించి, మూడు రోజుల్లో ఖాళీ చేయమన్నాడట. ప్లాజాలోని డోనట్ కొట్టాయన చెప్పాడు. హీటరు తీసేయమంటారేమో అనుకున్నాను. కిటికీ పెట్టించమంటారేమో. నిజంగా అదే అనుకున్నాను.

చేలో ఉండేది ఇంకొకరి ఇంట్లో ఒక్క గది. అక్కడ ఇద్దరు కూడా పట్టరు.

జూన్ 1

మధ్యాహ్నం ఆమె నా దుకాణానికి వచ్చింది. ఆ రోజు తర్వాత మళ్లీ ఇప్పుడే. కస్టమరు ఉంది, ఆవిడ ప్యాంటు తీసుకుని వెళ్లేదాకా మూల కుర్చీలో కూర్చుంది. తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేను వెళ్లి తల నిమిరాను. నా చెయ్యి ఆమె జుట్టు మీద ఉంది, అది నా చెయ్యే అని అనుకోవడానికి నాకు కష్టమైంది.

ఎవరు చెప్పుంటారు అని అడిగాను. నేనే అడిగాను. ఎవరైతేనేం వదినా అంది.

కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని, "నీ వెనక గది రెండు నెలలు ఇస్తావా? పిల్లలకి మాత్రమే. పెద్దవాళ్లు ఎక్కడో పడుకుంటారు" అంది. అంటూ నా మొహంలోకి చూసింది. తిన్నగా, చాలాసేపు.

మూటలున్నాయి, ఆలోచించి చెబుతానన్నాను.

సరే అంది. వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? రోజూ ఇత్జెల్ నా వంటింట్లో కూర్చుని పాలు తాగుతుంటే నేనెలా తిరగాలి? ఎవరు చేశారో తెలుసా అమ్మమ్మా అని అడిగితే?

జూన్ 3

పొద్దున్నే గది తలుపు తీశాను. రామిరో చొక్కాలు, పాత గుడ్డ చుట్టలు, అన్నీ మధ్య గదిలోకి లాగాను. పరుపు ఎండలో వేశాను. మంచి దుప్పట్లు తీశాను. పదింటికి చేలోకు ఫోన్ చేసి రమ్మన్నాను, ఆలోచించాను, నలుగురినీ తీసుకురా అన్నాను.

నిన్న మధ్యాహ్నమే వెళ్లిపోయారంది. కొండల అవతల, ఎడారి వైపు, తోమస్ అన్న దగ్గరికి. ఇక్కడికి రెండు గంటల దారి. ఇత్జెల్‌కు బడి ఇంకా వారం ఉంది, మధ్యలోనే మాన్పించారు. యెసెనియా ఈ వారం పనికి వచ్చి వెళ్లడానికి ప్రయత్నిస్తుందట, కుదరకపోతే మానేస్తుందట.

"గది ఖాళీ చేశావా?" అని అడిగింది.

చేశానన్నాను.

"మంచి పని చేశావు" అని ఫోన్ పెట్టేసింది.

జూన్ 19

యెసెనియా పని మానేసింది.

జూలై 11

మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్లాజా దరఖాస్తు ఆమోదం పొందింది. కింద ఒక గుమాస్తా సంతకం. నాలుగు వందల చిల్లర సంతకాలకు ఒక్క సంతకం. ఎవరూ ఓటు వేయలేదు. మా మాటల ప్రస్తావన ఉత్తరంలో ఎక్కడా లేదు. నేను మాట్లాడింది లేదు, చేలో మాట్లాడింది లేదు. ఇద్దరం నోరు మెదపకుండా ఇంట్లో కూర్చున్నా ఇదే ఉత్తరం వచ్చేది.

లాయరు ఆ రోజే చెప్పాడు కదా. రాసుకున్నాను గానీ తలకెక్కలేదు.

ఆమె మాటతో నా దుకాణం పోలేదు. ఇది రాయడానికి అరగంట పట్టింది.

జూలై 24

డోనట్ కొట్టాయన ఇంకో కబురు తెచ్చాడు. ఆ ముప్ఫై ఫ్లాట్లు ఎవరికివ్వాలో కంపెనీ చేతిలో లేదట. ప్రభుత్వం లాటరీ తీస్తుంది. ఈ ఊళ్లో ఉంటున్నవాళ్లకూ పనిచేస్తున్నవాళ్లకూ ముందు. చేలో కెస్లర్‌కు ఫోన్ చేస్తే ఆ అమ్మాయి వేరే ఊరికి మారిపోయిందన్నారట.

ఈ ఊళ్లో ఉంటున్నవాళ్లకు ముందు. పనిచేస్తున్నవాళ్లకు ముందు.

యెసెనియా ఇప్పుడు రెంటిలోనూ లేదు.

జూలై 25

సంతోషించాలి కదా, మోసం చేసినామె మోసపోయిందని. పొద్దుటి నుంచీ ప్రయత్నిస్తున్నాను.

ఆగస్టు 30

రేపటికి ఖాళీ చేయాలి. కుట్టుమిషను ఇంటికి చేర్చాను, వెనక గదిలో పెట్టాను. ఇక అక్కడే కుట్టాలి. నాలుగు వీధుల అవతలి వాళ్లు నా తలుపు తడతారో లేదో.

చేలో కుర్చీలు రెండూ ఎవరో కొనుక్కెళ్లారు. అద్దాలు మాత్రం గోడకే వదిలేసింది. వెళ్లేముందు ఊడ్చింది. రేపో మాపో కూల్చే చోటును నీళ్లు పెట్టి మరీ తుడిచింది. తలుపులోంచి చూశాను. చూస్తున్నానని ఆమెకు తెలుసు.

సెప్టెంబర్ 17

కూల్చారు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి అయిపోయింది. నేను వెళ్లలేదు. దుమ్ము మా వీధి దాకా వచ్చింది.

సెప్టెంబర్ 22

కూరగాయల షాపులో టిల్బరీ ఎదురుపడ్డాడు. నమస్కారం పెట్టాను. మర్యాదగా తలూపి, ఈ టమాటాలు ఇక్కడివేనా అని అడిగాడు. నన్ను షాపులో పనిచేసే మనిషి అనుకున్నాడు.

అవునండి, ఇక్కడివే అన్నాను.

అక్టోబర్ 5

వెళ్లాను. చెప్పాను.

నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం చర్చిలో ఆమె వెనక రెండు వరసల దూరంలో కూర్చుని, ఆమె మెడ చూస్తూ ప్రార్థన చేస్తున్నాను. ఫాదర్‌కు చెప్పుకుంటే తప్పు పోతుందనుకున్నాను. ఆయనకూ చెప్పాను. ఆయన వింటున్నంతసేపూ, చెప్పాల్సింది ఈయనకు కాదు కదా అనిపించింది.

ఆమె గదిలో పొయ్యి ముందు నిలబడి పుపూసలు తడుతోంది, అమ్మకానికి. జుట్టు కత్తిరించడానికి చోటు లేక ఇప్పుడు ఇదే పని. కూర్చోమంది. నేను కూర్చోలేదు. ఫోన్ చేసింది నేనే అన్నాను. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. నువ్వు ముందు చేశావు అనేది వాటిలో మొదటిది. ఒక్కటీ బయటికి రాలేదు.

ఆమె చేతులు ఆగలేదు. పిండి ముద్ద అటు ఇటు మార్చుకుంటూ తట్టి, పెనం మీద వేసి, ఇంకో ముద్ద తీసుకుంది.

"తెలుసు" అంది.

ఎప్పటి నుంచి అన్నాను.

"ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు నుంచి. లోపలికి అడుగు పెడుతూనే, తెర వెనక హీటరుందట చూపించండి అన్నాడట. ఆ తెర వెనక్కి మేం కాకుండా వెళ్లింది నువ్వొక్కదానివే."

మరి నా దగ్గరికి వచ్చి ఎందుకు ఏడ్చావని అడిగాను.

"ఏడుపొస్తే నీ దగ్గరికే గదా వస్తా, ఎప్పుడైనా." పుపూస తిప్పింది. "తెలిసే వచ్చా. తెలిసే గది అడిగా. నేనొకటి చేశా, నువ్వొకటి చేశావు. గది ఇస్తానంటే ఇక దాని ఊసెత్తకూడదు, చచ్చేదాకా ఎత్తకూడదు అనుకుని వచ్చా. నువ్వు ఆలోచించి చెబుతానన్నావు."

రెండు రోజులకు ఖాళీ చేశాను కదా అన్నాను.

"చేశావు" అంది.

పొయ్యి మీద మాడు వాసన వచ్చింది. పుపూస తీసి పక్కన పెట్టి మంట తగ్గించింది. అప్పుడు నా వైపు తిరిగింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"యెసెనియాకి చెప్పలేదు. చెప్పను. దానికి నువ్వంటే ప్రాణం, అది అలాగే ఉండనీ. నువ్వు వచ్చి నీ నోటితో చెబుతావా లేదా అని చూస్తూ ఉన్నా. చెప్పావు. ఇక రాకు ఒఫీలియా."

ముప్ఫై ఏళ్లలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం నాకు గుర్తు లేదు. బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. లోపల పిండి తట్టే చప్పుడు మళ్లీ మొదలైంది.

అక్టోబర్ 6

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. మే నెల దగ్గర ఆపేశాను.

నవంబర్ 3

యెసెనియా ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది. అక్కడ ఒక ఆస్పత్రిలో పని దొరికిందట, దూరమే, అయినా పర్వాలేదంది. తోమస్ అన్న ఇంట్లో వాళ్లకొక కిటికీ ఉన్న గది ఇచ్చారట. ఈస్టర్ తర్వాత ఇత్జెల్ చర్చిలో మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకుంటుంది, తెల్ల గౌను నువ్వే కుట్టాలత్తయ్యా, ఇంకెవరు కుట్టినా అది వేసుకోనంటోంది అంది. కొలతలు చెప్పింది. రాసుకున్నాను. మూడంగుళాలు పెరిగింది పిల్ల.

ఆ రోజుకు ముందే వచ్చి మాతో నాలుగు రోజులుండాలి, అమ్మ కూడా వస్తుంది, మీరిద్దరూ ఒకే కారులో వచ్చేయండి అంది.

నాకు ఆ దూరం పడదమ్మా, గౌను పోస్టులో పంపిస్తానన్నాను. బతిమాలింది. నడుము నొప్పన్నాను. మీ ఇద్దరికీ ఏమన్నా మాటామాటా వచ్చిందా అని అడిగింది. లేదన్నాను.

నవంబర్ 10

రెండు బస్సులు మారి వేరే ఊరి చర్చికి వెళ్లాను. ఇక్కడి చర్చి చేలోకు నడక దూరం, ఆమె ఎక్కడికని వెళ్తుంది. పూజ అయ్యాక పక్కన కూర్చున్నావిడ, మీరు కొత్తగా వచ్చారా, ఎక్కడుంటారు అని అడిగింది. ఈ మధ్యనే వచ్చాను, ఇంకా చోటు చూసుకోలేదు అని చెప్పాను.